మార్స్ ఫోటోల్లో తప్పులు వెతికే అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కూకట్‌పల్లిలో డే స్కాలర్. ఏడాదిగా రాత్రిళ్లు నాసా రోవర్లు పంపిన మార్స్ ఫోటోలు జూమ్ చేసుకుంటూ కూర్చుంటాడు. ఇది తలుపంటాడు, అది ఎముకంటాడు, ఇక్కడ ఏదో చెరిపేశారంటాడు. మొదట్లో ముచ్చటేసి నేనే వాడి గురించి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ఇప్పుడు వీక్లీ టెస్టుల్లో మార్కులు పడిపోయాయి. పోయిన నెల వైఫై తీయించేశాను. మా బావమరిదైతే వాడి ముందే 'ఎర్రగడ్డలో చూపించు బావా' అన్నాడు. ఈ పిచ్చినే ఏదో ఒక దారిలో పెడదామని ఆలోచన. సీఎస్ఈలో సైబర్ సెక్యూరిటీ మంచిదా, ఏరోస్పేస్ మంచిదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగింది బ్రాంచీల గురించే అయినా, ఉత్తరం నిండా ఉన్నది ఒకటే భయం. పిల్లాడు చేజారిపోతున్నాడేమోనని. ఇదే భయంతో నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. ఒకరింట్లో షేర్ మార్కెట్ చార్టులు, ఇంకొకరింట్లో చెస్, మీ ఇంట్లో మార్స్. కాబట్టి కౌన్సెలింగ్, కటాఫ్‌ల సంగతి పక్కన పెడతాను. అవి మీకు నాకంటే బాగా తెలుసు.

ముందు మీవాడు చూస్తున్నదేమిటో మీరూ ఒకసారి చూడండి. నాసా రోవర్ క్యూరియాసిటీ 2012 నుంచి మార్స్ మీద గేల్ క్రేటర్ అనే పెద్ద గుంతలో ఉంది. ఇంకో రోవర్ పర్సెవరెన్స్ 2021లో జెజెరో క్రేటర్‌లో దిగింది. అవి పంపే ఫోటోలను మెరుగులు దిద్దకుండానే నాసా తన సైట్లో పెట్టేస్తుంది. మీవాడు అక్కడి నుంచే దించుకుంటున్నాడు. ఆ తలుపు కూడా బహుశా 2022 మేలో క్యూరియాసిటీ తీసిన ఫోటోలోదే. కొండరాతిలో ఎవరో చెక్కి పెట్టినట్టు ఉంటుంది, చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. దాని ఎత్తు 30 సెంటీమీటర్లు, వెడల్పు 40. మన వంటింటి గ్యాస్ సిలిండర్‌లో సగం ఎత్తు. రాతిలో పగుళ్లు కలిసిన చోట ముక్క ఊడిపోతే మిగిలిన గూడు అది. పక్కన మనిషి లేడు, చెట్టు లేదు, సైజు తెలిసే ఆధారమే లేదు. అందుకే కన్ను తనకు అలవాటైన తలుపు కొలతే దానికి తగిలించేస్తుంది. ఇందులో పిచ్చి ఏముంది? 1976లో నాసా నౌక వైకింగ్-1 తీసిన మార్స్ ఫోటోలో మనిషి ముఖం చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. డేటా సరిగా అందక పడిన నల్ల చుక్కల్లో ఒకటి సరిగ్గా ముక్కు దగ్గర పడి, ముఖానికి ఇంకాస్త అందం తెచ్చింది. తర్వాత మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే నౌక దగ్గర నుంచి తీస్తే అది మామూలు గుట్ట.

'చెరిపేశారు' అన్న మాటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. నాకు అదే ఆసక్తిగా ఉంది. 2004లో స్పిరిట్ రోవర్ ఫోటోలు వచ్చినప్పుడు కొందరు ఔత్సాహికులు ఒక విషయం పట్టుకున్నారు. రోవర్ మీద రంగులు సరిచూసుకోవడానికి ఒక చిన్న పలక ఉంటుంది, దాని మూలల్లో రంగు ముక్కలుంటాయి. నీలంగా ఉండాల్సిన ముక్క ఫోటోలో గులాబీ రంగులో ఉంది. ఇంకేముంది, నాసా రంగులు మార్చి ఆకాశాన్ని దాస్తోందని గోల. జరిగిందేమిటంటే, ఆ ఫోటోకు ఎరుపు ఫిల్టర్ బదులు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ వాడారు. ఆ నీలం పూత ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా వెనక్కి కొడుతుంది కాబట్టి ఎర్రగా పడింది. గోల చేసినవాళ్ల కన్ను చాలా మంచిదండీ. తేడా నిజంగానే ఉంది. తేడాకు కారణం వెతకడం మానేసి దొంగను వెతకడం మొదలుపెట్టారు, అక్కడే దారి తప్పింది. 2014లో ఆపర్చునిటీ రోవర్ ముందు ఒక రాయి ప్రత్యక్షమైంది. పన్నెండు మార్స్ రోజుల కిందటి ఫోటోలో అక్కడేమీ లేదు. అడగాల్సిన ప్రశ్నే కదా? నాసావాళ్లూ అదే అడిగి, రోవర్ చక్రం కింద పడి విరిగి ఎగిరిన ముక్క అని తేల్చారు.

మీవాడు ఈ రెండు రకాల్లో ఏ రకమో మీకు తెలియదు. ఎందుకంటే మీరు అడగలేదు. పక్కన కూర్చుని ఒక్క ఫోటో చూపించమనండి. ఇది ఏ రోజు తీసింది, ఏ కెమెరా, అదే క్షణంలో రెండో కన్ను తీసిన ఫోటోలో కూడా ఇది ఉందా అని అడగండి. ఆ రోవర్లకు జంట కెమెరాలుంటాయి. 2014 ఏప్రిల్‌లో క్యూరియాసిటీ ఫోటోలో కనిపించిన 'దీపం' కుడి కెమెరాలోనే ఉంది, అదే సమయంలో ఎడమది తీసిన దాంట్లో లేదు. నల్లగా ఉన్న చోటు నిజంగా చెరిపిందా, లేక డేటా ఇంకా రాలేదా? ముందు చిన్న సైజు ఫోటోలు వచ్చి, పూర్తివి తర్వాత రావడం అక్కడ మామూలే. వీటికి మీవాడి దగ్గర జవాబులుంటే, కనీసం 'అరే, చూడలేదు నాన్నా' అని వెతకడం మొదలుపెడితే, మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఏం చూపించినా 'అది కూడా వాళ్లే మార్చారు' అంటే కాస్త ఆలోచించాలి. అది కూడా పదిహేడేళ్ల వయసులో మొండితనమే అవుతుంది కానీ జబ్బు కాదు.

ఈ పనిని పద్ధతిగా చేస్తే ఏమవుతుందో మన పొరుగునే ఉదాహరణ ఉంది. 2019లో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయాక, చెన్నై ఇంజనీర్ షణ్ముగ సుబ్రమణియన్ నాసా విడుదల చేసిన చంద్రుడి ఫోటోలు ముందేసుకుని, పాతవీ కొత్తవీ పోల్చుకుంటూ కూర్చున్నాడు. ఒక తెల్ల చుక్క తేడా కనిపించింది. నాసాకు రాశాడు. వాళ్లు సరిచూసి, అది శకలమేనని ఆ డిసెంబర్‌లో ఆయన పేరుతో సహా ప్రకటించారు. ఆయన ఇంట్లోనూ ఎవరో ఒకరు 'రాత్రిళ్లు ఏంటిది' అనే ఉంటారు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. పిల్లాడు సైంటిస్టులా కనిపించినన్నాళ్లూ అపార్ట్‌మెంట్ గ్రూపులో లైకులు మీరు తీసుకున్నారు. మార్కులు తగ్గగానే అదే పని పిచ్చి అయిపోయింది. ఆ ఫోటోల గురించి వాడితో గట్టిగా అరగంట మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ బావమరిది ఆ మాట అన్నప్పుడు మీరు ఊరుకున్నారు చూడండి, వైఫై తీసినదానికంటే అదే పెద్ద తప్పు. వీలైతే వాడి ముందే ఆయనకు సర్దిచెప్పండి. వైఫై మళ్లీ పెట్టించి, పదకొండింటికి ఆపాలన్న ఒప్పందం చేసుకోండి. తీసేస్తే ఏమవుతుంది? స్నేహితుడి హాట్‌స్పాట్‌లో చూస్తాడు, మీకు చెప్పడం మానేస్తాడు.

ఇక బ్రాంచీలు. సైబర్ సెక్యూరిటీలో నేర్పేది ప్రధానంగా నెట్‌వర్కులు, సిస్టమ్స్. ఫోటో అసలుదా నకిలీదా తేల్చడం అందులో ఒక మూల. రామంతపూర్‌లోని సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల ఆ పని ఉంటుంది కానీ పోస్టులు తక్కువ. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే మామూలు సీఎస్ఈ తీసుకుని తర్వాత అటు వెళ్లొచ్చు.

ఏరోస్పేస్ మీద నాకు అనుమానాలు ఎక్కువ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన దగ్గర్నుంచి ఇది ఫ్యాషనైపోయింది. బ్రోషర్ మీద రాకెట్ బొమ్మ వేస్తే చాలు, తల్లిదండ్రులు ఫీజు కట్టేస్తున్నారు. ఆ నాలుగేళ్లూ చదివేది ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్, స్ట్రక్చర్స్. రాళ్ల ఫోటోలు చూసేవాడికి వాటితో ఏం సంబంధం? మన ఊళ్లో రాకెట్లు చేసే స్కైరూట్, ఉపగ్రహాలు చేసే ధ్రువ స్పేస్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, సంతోషం. అలాంటి కంపెనీల్లో మెకానికల్, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ వాళ్లకూ పని ఉంటుంది, డిగ్రీ మీద ఏరోస్పేస్ అని రాసి ఉండనక్కర్లేదు. తిరువనంతపురంలో కేంద్ర అంతరిక్ష శాఖ నడిపే ఐఐఎస్‌టీలో సీటొస్తే వేరే మాట, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. సరైన ల్యాబ్ లేని కాలేజీలో ఏరోస్పేస్ సీటు కోసం డొనేషన్ కడతానంటే మాత్రం నేను అడ్డుపడతాను.

మీవాడు చేస్తున్న పనికి దగ్గరి చదువులు మీరు అడగని చోట ఉన్నాయి. ఈసీఈలో చేరి ఇమేజ్ ప్రాసెసింగ్ వైపు వెళ్లడం ఒకటి. జియాలజీ, జియోఫిజిక్స్, తర్వాత రిమోట్ సెన్సింగ్ ఇంకొకటి. ఉపగ్రహాల ఫోటోలు చదివే ఎన్ఆర్ఎస్‌సీ బాలానగర్‌లోనే, మీకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్ రెండూ ఉన్నాయి. అయితే జియాలజీకి పీజీ తప్పదు, జీతం మొదలవడానికి టైం పడుతుంది, పెళ్లిళ్లలో 'అబ్బాయి ఏం చదువుతున్నాడు' అంటే చెప్పుకోవడానికి మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. అవన్నీ తెలిసే నిర్ణయించుకోండి. ఇప్పటికి ఈసీఈ రాసుకోమనండి, బ్రాంచి గురించి ఇంతకంటే తొందర వద్దు.

నిద్ర బొత్తిగా పోయినా, తిండి మానేసినా, కాలేజీకి వెళ్లనన్నా, ఎవరో తనను గమనిస్తున్నారని అన్నా అప్పుడు సైకియాట్రిస్టుకు చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు. మీరు అలాంటివేమీ రాయలేదు. రాసింది మార్కుల గురించి, అదీ ఏ సబ్జెక్టులో పడ్డాయో చెప్పకుండా. చివరి నాలుగు వీక్లీ టెస్టుల మార్కులు సబ్జెక్టులవారీగా పంపండి. పడింది ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒక్కటే అయితే, దానికి మార్స్‌తో సంబంధం లేదు, మంచి లెక్చరర్‌ను చూడాలి.