లాజరుకు పేరుంది, మరి నీ కథలో అవ్వకు?

తమ్మీ, వందనాలు.

నువ్వు పంపిన కథ చదివాను. మన చర్చి సంఘంలో పక్షపాతం గురించి చాటుగా అందరూ మాట్లాడుకుంటారు, కాగితం మీద పెట్టేవాళ్లే తక్కువ, కాబట్టి నువ్వు ఈ పని పెట్టుకున్నందుకు సంతోషం. సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందే జరిపే వేడుక) రోజు ఎమ్మెల్యే కోసం కార్యక్రమం మొదలుపెట్టకుండా అందరినీ కూర్చోబెట్టడం, ఆయన కారు గేటు దగ్గరికి రాగానే ముందు వరసలో ఉన్న ముసలామెను లేపి వెనక చాప మీదికి పంపడం, ఆ కంగారులో ఆమె చేతిసంచి కుర్చీ కిందే ఉండిపోవడం... ఆ సంచి బాగుంది. కళ్లతో చూసినవాడు రాసే మాట అది.

కానీ ఒకటి గమనించు. సంఘ పెద్దకు పేరుంది, ఇంటిపేరుంది, ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది, ఆయన ఉంగరం మీదే బోలెడు వాక్యాలు ఖర్చుపెట్టావు. ఆమె మాత్రం మొదటి నుంచి చివరిదాకా ‘ఒక పేద వృద్ధురాలు’. ఒక్క మాట మాట్లాడదు, ఏడుస్తుంది అంతే. వాళ్లు కుర్చీ తీసేసుకున్నారు, నువ్వు పేరు తీసేసుకున్నావు. కోపం తెచ్చుకోకు గానీ, పక్షపాతం మీద రాసిన కథలోనే పక్షపాతం కనపడుతోంది.

బైబిల్లో లూకా సువార్త 16వ అధ్యాయం తీసి చూడు. ఊదారంగు బట్టలు వేసుకుని రోజూ విందులు చేసుకునే ధనవంతుడికి పేరు లేదు. వాకిట్లో కురుపులతో పడి ఉన్న బిచ్చగాడికి ఉంది, లాజరు. యేసు చెప్పిన ఉపమానాల్లో పాత్రకు పేరు వినపడేది ఆ ఒక్కచోటే. మన ఊళ్లలో అయితే సరిగ్గా తిరగేసి చెప్తాం, ఎందుకంటే ధనవంతుడి పేరు ఫ్లెక్సీ మీద ముందే ఉంటుంది కదా! నువ్వు వెళ్లి ఆమె దగ్గర కూర్చో. పేరేంటో, పత్తి ఏరడానికి పోతుందా, బీడీలు చుడుతుందా, ఆ రోజు ముందు వరసలో ఎందుకు కూర్చుందో అడుగు. చెవులు సరిగ్గా వినపడక కూర్చుందేమో, ఎవరికి తెలుసు? అదే నిజమైతే నీ కథ మొత్తం మారిపోతుంది.

పక్షపాతం వద్దనే యాకోబు పత్రిక (బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం) రెండో అధ్యాయం గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ప్రతి పాస్టరు గారూ చెప్తారు (చెప్పి, కిందికి దిగి ముందు కుర్చీలో ఉన్నాయనకే శాలువా కప్పుతారు, అది వేరే సంగతి). రాసేవాడిగా అక్కడ నువ్వు చూడాల్సింది వేరే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నాయన, మురికి బట్టల పేదవాడు, ఇద్దరూ లోపలికి వస్తారు. ఎదురెళ్లినవాళ్ల మనసులో ఏముందో యాకోబు ముందుగా వర్ణించడు, వాళ్ల నోట్లోంచి వచ్చిన మాటలే ముందు వినిపిస్తాడు. ఒకరికి మంచి చోటు, ఇంకొకరికి అక్కడ నిలబడు, లేకపోతే నా పాదపీఠం కింద కూర్చో. నీ కథలోనూ అంతే సరిపోతుంది. ‘ఇటు రండి సార్, ఇటు రండి’, ‘అవ్వా, లే, అటు పో’. ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఆ తర్వాత నువ్వు రాసిన పేజీన్నర ఉపన్యాసం అవసరం లేదు, కొట్టెయ్.

ఇక ఆ సంఘ పెద్ద. ఆయన్ని మరీ సినిమా విలన్ని చేశావు. లేవీయకాండం 19:15 గొప్పవాడికి కొమ్ము కాయొద్దు అనడంతో ఆగదు, బీదవాడని కూడా పక్షపాతం చూపొద్దు అంటుంది. రాత్రిపూట ఎవరికైనా పురిటి నొప్పులు వస్తే ఎంజీఎం ఆసుపత్రి దాకా తన బండిలో తీసుకుపోయేది కూడా ఆయనే అయి ఉండొచ్చు, మన సంఘాల్లో అలాంటివాళ్లు బోలెడుమంది. ఆ మంచి కూడా ఉంటే రాయి. అంత మంచాయన ఆమెను ఎలా లేపగలిగాడన్న ప్రశ్న అప్పుడే నిజంగా గుచ్చుకుంటుంది. యేసు శిష్యుడు పేతురునే చూడు, యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో దేవుడు పక్షపాతి కాడని అంత గట్టిగా చెప్పిన మనిషి, అంతియొకయలో యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే అన్యులతో (యూదులు కానివాళ్లతో) తినడం మానేసి పక్కకు జరిగాడు. యాకోబు అంటే పక్షపాతం వద్దని పత్రిక రాశాడని సంఘం చెప్పుకునే ఆ యాకోబే! పౌలు దాన్ని గలతీ పత్రికలో దాచకుండా రాశాడు, ముఖం మీదే అడిగానని కూడా రాశాడు.

నువ్వు అసలు ముట్టుకోనిది ఇంకోటి ఉంది, కులం. ఎస్సీ కులాలపై 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకుండా పోవడం గురించి, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి మనల్ని బీసీ-సీ గ్రూపులో ఒక్క శాతం రిజర్వేషన్ దగ్గర వదిలేయడం గురించి నువ్వు ఆవేశంగా రాసిన వ్యాసం చూశాను, అది రాయాల్సిందే. మరి ఒకే ఊళ్లో మాలల చర్చి, మాదిగల చర్చి వేరుగా ఉండటం, సంబంధం మాట వచ్చేసరికి విశ్వాసులు కూడా వాడ అడగడం, ఇది ఏ ప్రభుత్వం పెట్టింది? ఆ ముసలామెను లేపినప్పుడు ఆమె వాడ కూడా లెక్కలోకి వచ్చిందేమో నీకు తెలిసే ఉంటుంది. తెలిసీ వదిలేశావా?

కథను ముందు ఎవరికి చూపించాలని అడిగావు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో మన దేశపు పాస్టరు అజరయ్య విదేశీ మిషనరీల గురించి చెప్పాల్సింది వాళ్ల ముందే నిలబడి చెప్పాడు, మీరు ఎంతో త్యాగం చేశారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని. రెండేళ్లకు మన డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. నువ్వు కూడా ఆమె ఒప్పుకుంటేనే పేరు పెట్టి (వద్దంటే వేరే పేరు పెట్టు, కానీ పేరు పెట్టు), తిరగరాసి, ముందు ఆ సంఘ పెద్ద ఇంటికే వెళ్లి చదివి వినిపించు. ఆయనకు ఆయనెవరో తెలిసిపోతుంది, తెలియనీ. సంఘం సావనీర్‌లో (ప్రత్యేక సంచికలో) వేస్తారో లేదో తర్వాత సంగతి, వెనక అట్ట మీద యాడ్ ఆయనదే కాబట్టి బహుశా వెయ్యరు, అప్పుడు వేరే పత్రికకు పంపుదాం.

ఈసారి టైప్ చేసి పంపు, నీ చేతిరాతకు నా కళ్లజోడు చాలడం లేదు.

నీ అన్న,
హనుమకొండ