టెక్ సందేహాలు: చొక్కా కింద పిస్టల్‌కు 9 ఎంఎం చాలదా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మామూలుగా ఉండేవి ఫోను బ్యాటరీలు, వైఫై రూటర్లు, ఎంతకీ తెరుచుకోని ఎక్సెల్ ఫైళ్లు. కొన్నాళ్లుగా అమెరికా నుంచి వచ్చేవాటిలో పిస్టల్ కూడా చేరింది. ఏ మోడల్, ఎంత బరువు, ఏ క్యాలిబర్ అని అడుగుతున్నారు. క్యాలిబర్ అంటే తూటా వెడల్పు; 9 ఎంఎం అన్నది మిల్లీమీటర్లలో, .45, .380 లాంటివి అంగుళాల్లో. తుపాకీ మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. అదొక యంత్రం. దానికీ కొలతలున్నాయి, లోపాలున్నాయి, వాడేవాళ్లకు నియమాలున్నాయి. ఆ మేరకు మాట్లాడుకుందాం.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. నిరుడు గ్రీన్ కార్డు వచ్చింది. బట్టల కింద కనిపించకుండా రోజూ దగ్గర ఉంచుకోవడానికి ఒక పిస్టల్ కొనాలనుకుంటున్నాను. ఒక స్నేహితుడు 9 ఎంఎం చాలంటాడు. ఇంకొకడు .45 కాకపోతే దండగ అంటాడు. మా ఆవిడ మాత్రం ఇద్దరినీ కాదని చిన్నదిగా ఉండే .380 తీసుకోమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: క్యాలిబర్ విషయంలో మొదటి స్నేహితుడి మాట, సైజు విషయంలో సగం మీ ఆవిడ మాట.

.45 పక్షం వాదన పాతది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ తూటాతో పనిచేసే పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. అప్పటినుంచి పెద్ద తూటా అంటే పెద్ద దెబ్బ అన్న నమ్మకం అక్కడ పాతుకుపోయింది. కాగితం మీద లెక్క వేసి చూడండి. 9 ఎంఎంలో సాధారణంగా దొరికే 124 గ్రెయిన్ల తూటా బరువు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. .45లో 230 గ్రెయిన్లది 15 గ్రాములు, వేగం దాదాపు 260 మీటర్లు. రెండింటి శక్తీ 500 జౌళ్ల దగ్గరే తేలుతుంది. తేడా వచ్చేది చేతికి తగిలే ఎదురుదెబ్బలో. బరువును వేగంతో గుణిస్తే .45ది దాదాపు 40 శాతం ఎక్కువ. అంటే తూటా అందుకునేవాడికి కలిగే తేడా కన్నా పేల్చే మీ మణికట్టుకు కలిగే తేడానే పెద్దది.

ఈ వాదనకు అమెరికాలో ఒక పెద్ద ప్రయోగమే జరిగింది, అదీ ప్రభుత్వ ఖర్చుతో. 1986 ఏప్రిల్‌లో మయామిలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగకు మొదట్లోనే 9 ఎంఎం తూటా తగిలింది. చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి దిగి, గుండెకు కాస్త ఇవతల ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అతను కాలుస్తూనే ఉన్నాడు. నింద 9 ఎంఎం మీద పడింది. సంస్థ ముందు 10 ఎంఎంకు మారింది. అది చాలామంది ఏజెంట్ల చేతికి మోటుగా అనిపించడంతో, కాస్త తగ్గించిన రూపంగా 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే తూటా వచ్చింది. దేశమంతా పోలీసు శాఖలు దాని వెంట పడ్డాయి. తీరా 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే 9 ఎంఎంకు తిరిగి వెళ్లడం మేలని రాసింది, సంస్థ వెళ్లింది కూడా. ఈలోగా తూటా తయారీ మారిపోయింది. ముందుభాగం గుల్లగా ఉండి, తగలగానే పువ్వులా విచ్చుకునే హాలో పాయింట్ తూటాలు బాగా మెరుగుపడ్డాయి. ఎఫ్‌బీఐ పరీక్షలో, మనిషి కండకు బదులుగా పెట్టే జెలటిన్ దిమ్మెలోకి తూటా 12 నుంచి 18 అంగుళాల మధ్య దిగాలి. ఇప్పటి మంచి తూటాలైతే 9 ఎంఎం, .40, .45 మూడూ ఆ హద్దులోనే ఆగుతున్నాయి. అలాంటప్పుడు ఎక్కువమంది గురి తప్పకుండా, వేగంగా పేల్చగలిగింది ఏదో దాన్నే ఎంచుకున్నారు. ఫోను కెమెరాల్లో మెగాపిక్సెళ్ల గొడవ లాంటిదే ఇదీ. ఒక స్థాయి దాటాక అంకె పెట్టె మీద బాగుంటుంది, ఫొటోలో కనిపించదు.

సాధన ఖర్చు కూడా చూసుకోండి. .45 తూటా ధర 9 ఎంఎం కన్నా బాగా ఎక్కువ. పెట్టె పెట్టెకూ జేబు తడుముకునేవాడు కాల్పుల సాధన చేసే రేంజ్‌కు వెళ్లడం మానేస్తాడు.

ఇక .380. తూటా వెడల్పు 9 ఎంఎందే, దాని తొడుగు పొట్టిది, అందులో మందు తక్కువ. శక్తి 9 ఎంఎంలో సగానికి కాస్త పైన. హాలో పాయింట్ వాడితే లోతు చాలదు, లోతు కోసం మామూలు తూటా వాడితే విచ్చుకోదు. రెండూ కుదిరే తూటాలు అరుదు. పైగా చిన్న తుపాకీ అంటే మెత్తగా పేలుతుందని అందరూ అనుకుంటారు. రూగర్ ఎల్‌సీపీ లాంటిది 300 గ్రాములు కూడా తూగదు. ఎదురుదెబ్బను పీల్చుకోవడానికి అందులో తగినంత బరువు లేదు, అంతా అరచేతికే. రేంజ్‌లో రెండు మేగజైన్లు (పిడిలో అమర్చే తూటాల పెట్టెలు) కాల్చి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. అయితే కీళ్లనొప్పులో, వేళ్లలో పట్టు తక్కువో ఉండి స్లయిడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగలేనివాళ్లకు .380లోనే కాస్త పెద్దగా, తేలిక స్ప్రింగుతో చేసినవి ఉన్నాయి. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అలాంటిది. మీ ఆవిడ తన కోసం అడుగుతున్నారా, మీ కోసం అడుగుతున్నారా అన్నది కనుక్కోండి. తన కోసమే అయితే దుకాణంలో ఆవిడ చేతికే ఇచ్చి లాగి చూడమనండి. భార్యకు పిస్టల్ భర్త ఎంపిక చేయడం అక్కడి రేంజ్ శిక్షకులు తలపట్టుకునే విషయాల్లో ఒకటి.

సైజు సంగతికి వద్దాం. 2018 ముందు వరకు చొక్కా కింద సుఖంగా దాగే 9 ఎంఎం పిస్టల్‌లో ఆరో ఏడో తూటాలు పట్టేవి. ఆ ఏడాది సిగ్ కంపెనీ పీ365 తెచ్చింది. అర కిలో బరువున్న ఒంట్లోనే మేగజైన్‌లో 10, గొట్టంలో ఒకటి. కిటుకు మేగజైన్‌లో ఉంది. అడుగున తూటాలు రెండు వరసల్లో సర్దుకుని, పైకి వచ్చేసరికి ఒకే వరసలోకి కలుస్తాయి. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, షీల్డ్ ప్లస్ అదే దారిలో వచ్చాయి. అంతకుముందు నుంచీ ఉన్న గ్లాక్ 19లో 15 పడతాయి, ఖాళీగానే 670 గ్రాములు. శీతకాలం జాకెట్ కింద ఫర్వాలేదు కానీ టెక్సస్ ఎండలో పల్చటి చొక్కా కింద దాన్ని దాచడం కష్టం. బయటికి పొడుచుకు వచ్చేది గొట్టం కాదు, పిడి. గొట్టం ఎంత పొడుగున్నా ప్యాంటులోకి దిగిపోతుంది, పిడి మాత్రం వంగినప్పుడల్లా గుడ్డను ఎత్తిపడుతుంది. అందుకే మరీ పొట్టి పిడికీ, పెద్ద పిడికీ మధ్య, చిటికెన వేలు సరిగ్గా ఆనే సైజు చూసుకోండి. పీ365 ఎక్స్‌ఎల్, గ్లాక్ 43ఎక్స్, షీల్డ్ ప్లస్ మూడూ అద్దెకు తీసుకుని కాల్చి చూశాక కొనండి. నన్నడిగితే ఆ మూడింట్లో ఏది మీ చేతికి కుదిరితే అదే మంచిది. ఇంటర్నెట్‌లో వాటి మధ్య జరిగే యుద్ధాలు చదవనవసరం లేదు.

మిగిలిన డబ్బు హోల్‌స్టర్‌కూ (పిస్టల్ పెట్టుకునే ఒర) బెల్టుకూ పెట్టండి. ఇక్కడ పిసినారితనం ప్రమాదకరం. ట్రిగ్గర్‌నూ దాని చుట్టూ ఉండే కమ్మీనీ పూర్తిగా మూసే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌ది కావాలి. మెత్తటి గుడ్డ సంచుల్లాంటివి ముడుచుకుని ట్రిగ్గర్ మీదికి వస్తాయి. పిస్టల్‌ను తిరిగి లోపల పెట్టే క్షణమే అన్నింటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది. జాకెట్ కింది అంచున బిగించుకునే తాడు ఉంటుంది చూడండి, దాని చివర చిన్న ప్లాస్టిక్ గుండీ. అది హోల్‌స్టర్ మూతిలో పడి ట్రిగ్గర్‌ను నొక్కేయగలదు. చొక్కా అంచు కూడా అంతే. బయటికి తీయడంలో ఎంత వేగమైనా సాధన చేయండి, లోపల పెట్టేటప్పుడు మాత్రం బట్ట పక్కకు లాగి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా పెట్టండి.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అడ్డంకులు లేని 21 ఏళ్లు నిండినవారికి పర్మిట్ అక్కర్లేదు. అయినా లైసెన్సు తీసుకోమనే చెబుతాను. బడికి 1000 అడుగుల లోపు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం ఉంది, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు. పిల్లల్ని రోజూ బడిలో దింపేవారికి ఇది చిన్న విషయం కాదు. మిగతా రాష్ట్రాల్లో చాలావాటిలో ఆ లైసెన్సు చెల్లుతుంది, న్యూజెర్సీలో చెల్లదు. గుమ్మాల దగ్గర 30.06 (దాచిన తుపాకీ తేవద్దని), 30.07 (బయటికి కనిపించే తుపాకీ తేవద్దని) అంకెలున్న బోర్డులు, బార్ల దగ్గర ఎర్రటి 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచే, తుపాకీ తేవద్దని) చదవడం అలవాటు చేసుకోండి. గుడికి వెళ్లినా అంతే, 30.06 బోర్డు ఉంటే దాచుకున్నదైనా లోపలికి తీసుకెళ్లకూడదు.

ప్రశ్న: నాది హెచ్1బీ, అట్లాంటా దగ్గర ఉంటాం. మా కాలనీలో బంగారం కోసం వరసగా దొంగతనాలు జరిగాయి. ఇంట్లో ఒక పిస్టల్ పెట్టుకుంటే మంచిదా? రేంజ్‌లో అద్దెకు తీసుకుని ముందు నేర్చుకోవచ్చా?

జవాబు: మోడల్ గురించి ఆలోచించకముందే ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండటమే నేరం. కొనకపోయినా, రేంజ్‌లో అద్దెకు తీసుకుని చేతిలో పట్టుకున్నా కలిగి ఉన్నట్టే లెక్క. జార్జియాలో పర్మిట్ అక్కర్లేదు కదా అంటారేమో. అది రాష్ట్ర చట్టం, ఇది ఫెడరల్ చట్టం. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండవచ్చు, గ్రీన్ కార్డు ఆశ అంతటితో సరి. ఫేస్‌బుక్‌లో రేంజ్ ఫొటోలు పెట్టే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. అది దొడ్డిదారి కాదు, చట్టంలో రాసి ఉన్నదే. కానీ కాగితాల్లో చిన్న తప్పు దొర్లినా మూల్యం పెద్దది కాబట్టి, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. స్నేహితుడు అప్పుగా ఇచ్చే పిస్టల్ మాత్రం వద్దు, తెలిసి ఇస్తే అతని మీదా కేసవుతుంది. బంగారానికి బ్యాంకు లాకరు, ఇంటికి అలారం. ఈ శీర్షిక నుంచి వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు.

ప్రశ్న: ఎడిసన్, న్యూజెర్సీ. మాకు మూడేళ్ల పాప ఉంది. వేలిముద్రతో పనిచేసే పిస్టల్ వచ్చిందట, అదే కొని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే సురక్షితమే కదా?

జవాబు: హ్యాండ్‌బ్యాగు మాట ముందు మరచిపోండి. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక తల్లి రెండేళ్ల కొడుకును సరుకుల బండిలో కూర్చోబెట్టి దుకాణంలో తిరుగుతోంది. ఆమెకు లైసెన్సు ఉంది. బ్యాగులో తుపాకీ పెట్టుకోవడానికి వేరే అర, దానికి జిప్పు కూడా ఉన్నాయి. బాబు జిప్పు తీశాడు. ఆమె అక్కడే చనిపోయింది. తుపాకీ బయటికి తెస్తే ఒంటి మీద ఉండాలి, లేదా తాళంలో ఉండాలి.

మీరు చెప్పేది బయోఫైర్ కంపెనీ పిస్టల్ కావచ్చు. 2023లో ప్రకటించారు. 9 ఎంఎం, వేలిముద్రనూ ముఖాన్నీ గుర్తుపడుతుంది, అప్పుడు చెప్పిన ధర 1,499 డాలర్లు. ఆలోచన బాగుంది. కానీ అది మంచం పక్కన ఉంచడానికి చేసింది, దాచుకుని తిరిగే సైజు కాదు. అంతకుముందు ఆర్మాటిక్స్ అని ఒకటి వచ్చింది, చేతికి దాని గడియారం ఉంటేనే పేలాలి. 2017లో ఒక హ్యాకర్ 15 డాలర్ల అయస్కాంతాలు పక్కన పెట్టి, గడియారం లేకుండానే పేల్చి చూపించాడు.

తుపాకీ దాచే వేలిముద్ర పెట్టెలనూ గుడ్డిగా నమ్మకండి. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఒక కంపెనీ పెట్టెలను దాదాపు 61 వేలు వెనక్కి పిలిపించింది. వేలిముద్ర నమోదు సరిగా పూర్తికాకపోతే అవి ఎవరి వేలుకైనా తెరుచుకుంటున్నాయి. అలాంటి పెట్టెలోంచి తీసిన తుపాకీతో 12 ఏళ్ల బాబు ఒకడు చనిపోయాడని దావా కూడా పడింది. అలాంటి పెట్టె ఇప్పటికే ఉంటే, ఖాళీ పెట్టెకు మీ వేలు నమోదు చేసి, తర్వాత ఇంట్లో మిగతా అందరి వేళ్లూ పెట్టి చూడండి. కొత్తగా కొంటే నా ఓటు బ్యాటరీ లేకుండా, ఐదు మీటలతో తెరుచుకునే యాంత్రిక తాళానికి.

మీ రాష్ట్రంలో పర్మిట్ తప్పనిసరి. 2018 చట్టం మేగజైన్‌ను 10 తూటాలకు పరిమితం చేసింది, హాలో పాయింట్ తూటాలపైనా ఆంక్షలున్నాయి. పై ఫ్రిస్కో జవాబులోని సలహా అంతా మీకు వర్తించదు.

ప్రశ్న: విజయవాడలో వ్యాపారం. ఆత్మరక్షణ లైసెన్సుకు దరఖాస్తు చేశాను. గ్లాక్ 9 ఎంఎం తెప్పించుకోవచ్చా?

జవాబు: లేదు. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే సామాన్యులకు మామూలుగా లైసెన్సు ఇవ్వని క్యాలిబర్. సామాన్యులకు లైసెన్సు దొరికినా మామూలుగా దొరికేది .32 రివాల్వరో పిస్టలో. శక్తిలో .32 రివాల్వర్ తూటా 9 ఎంఎంలో సగం కూడా ఉండదు. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం 2014లో తెచ్చిన నిర్భీక్ అర కిలో బరువుండే .32 రివాల్వరే, అప్పుడే ధర లక్షా ఇరవై వేలు దాటింది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు ఐదేళ్లు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాను, సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాను. పిస్టల్ ఇంట్లోనే పెట్టి వస్తున్నాను. ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు: చూసుకోవాల్సింది బ్యాగు. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి వాడటం వల్ల, అడుగు పొరలో ఇరుక్కున్న ఒక్క తూటాతో మన విమానాశ్రయాల్లో దొరికిపోయేవారు తరచూ ఉంటున్నారు. లైసెన్సు లేకుండా తూటా ఉంటే ఆయుధాల చట్టం కింద కేసే. ఉందని తెలియకుండా మోసుకొచ్చినట్టు రుజువైతే కోర్టులు కేసు కొట్టేస్తున్నాయి, కానీ ఆలోగా విమానం వెళ్లిపోతుంది, సెలవులు స్టేషను చుట్టూ తిరగడంలో అయిపోతాయి. రేంజ్‌కు ఒక బ్యాగు విడిగా పెట్టుకుని దాన్ని గ్యారేజీ దాటనివ్వకండి. ఊరికి తెచ్చే జాకెట్ జేబులు, ప్యాంటు జేబులు కూడా తిరగేసి దులపండి. కాల్చేసిన ఖాళీ తొడుగు కూడా స్కానర్‌లో కనిపిస్తుంది, దానికీ జవాబు చెప్పాల్సి వస్తుంది.