కాగితం మీద ఎవరి పేరుందో చూసుకో తల్లీ

చిట్టితల్లికి,

మీ వార్తల సైట్ గురించి "ఇది మా తొమ్మిదిమందిదీ పెదనాన్నా, ఎవరూ ఓనర్ కాదు" అని నిన్న ఫోన్‌లో అన్నావు చూడు, ఆ మాటకి కడుపు నిండిపోయింది. కానీ ఏ ఫారంలోనూ 'అందరిదీ' అనే గడి ఉండదమ్మా. ఎవరిదో ఒకరి పేరు రాయాలి. ఆ పేరు మనిషిది కాకుండా సంఘానిది అయ్యేలా చూసుకోవడమే అసలు పని.

1994లో మేం ఏడుగురం ఇక్కడే బెంగళూరులో తెలుగు పక్షపత్రిక పెట్టాం. తిరగడానికి తీరికున్నవాడు కదా అని ఒకడి పేరు మీదే టైటిల్, అంటే పత్రిక పేరు, తెప్పించాం. ఈ పత్రిక ప్రచురించేది నేనేనని మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇచ్చిందీ అతనే. మూడేళ్లకు జీతాల దగ్గర మాటా మాటా పెరిగింది. మర్నాడు వెళ్లి చూస్తే బీరువా ఖాళీ. సుతిలి తాడుతో కట్టిపెట్టుకున్న పాత సంచికల కట్టలు కూడా లేవు. అడిగితే కాగితాలు చూపించాడు. పేరు అతనిదే, ఇంక ఏమంటాం? మూడేళ్లపాటు రాసిన రాతలకి మా దగ్గర రుజువు కూడా మిగల్లేదు. ఆ బాధ మీకు వద్దు.

కర్ణాటకలో సహకార సంఘానికి 1959 చట్టం ఒక దారి, 1997 సౌహార్ద చట్టం ఇంకోటి. మన ఆంధ్రలో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (మాక్స్ అంటారు) లాంటిదే ఈ రెండోది. ప్రభుత్వ పెత్తనం తక్కువ, వార్తలు రాసేవాళ్లకు ఇదే నయమని నా అభిప్రాయం. అయితే కనీసం పదిమంది ఉండాలి, అదీ వేర్వేరు కుటుంబాలవాళ్లు. మీ తొమ్మిదిమందిలో ఇద్దరు భార్యాభర్తలు, అంటే లెక్కకి ఎనిమిదే. సంఖ్య కోసం అత్త పేరూ బావ పేరూ రాయకండి. మనిషికో ఓటు కాబట్టి పనిచేయనివాళ్ల ఓటుకీ మీ ఓటుకీ ఒకటే బరువు. వీడియో ఎడిట్ చేసే అబ్బాయినీ, లెక్కలు రాసే ఆవిణ్ణీ చేర్చుకోండి. చర్చ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కి మనం వెళ్తుంటాం కదా. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేస్తుంటే, ఉద్యోగాలు పోయిన పనివాళ్లే ఆ ఆగస్టులో ఈ ఊళ్లో సంఘం పెట్టుకున్నారు. కాఫీ కలిపేవాళ్లూ వడ్డించేవాళ్లూ అందరూ యజమానులే.

పదిమంది కుదరకపోతే ప్రస్తుతానికి ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ, పెట్టుకోవచ్చు, ఇద్దరున్నా చాలు. రిజిస్టరైన 30 రోజుల్లో మీ ఒప్పందం దాఖలు చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలో పేర్లు మార్చి పెట్టేయొద్దు. ఒప్పందంలో రాయని విషయాలకు ఎల్ఎల్‌పీ చట్టం చివరున్న షెడ్యూలే వర్తిస్తుంది. అందులో లాభం సమానం, మనిషికో ఓటు, బాగానే ఉంది. కానీ పనిచేసినందుకు భాగస్తుడికి జీతం లేదు. మెజారిటీ ఉన్నా ఎవర్నీ తీసేయడానికి లేదు. జీతం ఎంతో, ఎవరు ఎలా బయటికి వెళ్తారో, వెళ్లేవాళ్లకి ఎన్ని నెలల్లో ఎంత ఇస్తారో మీరే రాసుకోవాలి. ఇప్పుడు మనసులు బాగున్నాయి కాబట్టి ఇప్పుడే రాసుకోండి.

ఎల్ఎల్‌పీలో ఇంకో మేలుంది. ఒకరు చేసిన తప్పుకి మిగతావాళ్ల సొంత ఆస్తి జోలికి రారు. చేసినవాళ్ల బాధ్యత మాత్రం వాళ్లదే. పరువునష్టం దావాల కాలంలో ఇది గుర్తుపెట్టుకో.

మీ రాతల సంగతి కూడా ఉంది. భాగస్తులు ఉద్యోగులు కారు కాబట్టి రాసినవాళ్లదే కాపీరైట్. సంఘానికి ఇస్తున్నట్టు సంతకంతో కాగితం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే చట్టం ఐదేళ్లనే అనుకుంటుంది. ఐదేళ్ల తర్వాత మీ పాత కథనాలు మీ సైట్‌లో ఉంచాలన్నా ఒక్కొక్కర్నీ అడగాల్సి వస్తుంది.

విదేశీ పెట్టుబడి ఇస్తామని ఎవరైనా వస్తే తొందరపడకండి. డిజిటల్ వార్తా సంస్థల్లో 26 శాతం దాటకూడదు, అదీ ప్రభుత్వ అనుమతితోనే. అచ్చుపత్రిక కూడా వేస్తే 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఆ దరఖాస్తులో యజమాని గడిలో సంస్థ పేరే ఉండాలి.

డొమైన్, అంటే సైట్ చిరునామా, నీ జీమెయిల్ మీద ఉందన్నావు. నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ, రిజిస్ట్రేషన్ వచ్చిన వారంలోనే అది మార్చెయ్. యూట్యూబ్ ఛానెలూ, బ్యాంకు ఖాతా కూడా. ఒప్పందం డ్రాఫ్టు ఆదివారం పట్టుకురా. పెన్సిల్ పట్టుకుని ఇద్దరం వరసగా చదువుదాం.

నీ పెదనాన్న