గోడ మీది బొట్టుబిళ్లలు

కడప
ఆదివారం మధ్యాహ్నం

పాపా,

నీ జైలు కథ నోటుబుక్కు బుధవారమే చేరింది. ఆర్టీసీ పార్శిల్ ఆఫీసు నుంచి మా మనవడు తెచ్చిచ్చినాడు. ఒక్క ఊపులో చదివి, రెండు దినాలు పక్కన పెట్టి, మళ్లీ పెన్సిల్ పట్టుకొని చదివినాను. గీతలు చూసి బాధపడొద్దు. గీత పెట్టిన చోటల్లా తప్పుందని కాదు, కొన్ని నాకు ఏడుపొచ్చి ఆగిన చోట్లు.

ముందు తిట్లు. మొదటి పేజీలో ఇనుప గేటు కిర్రుమంటుంది. రెండో పేజీలో లావుపాటి వార్డరమ్మ లాఠీ తిప్పుకుంటూ వస్తుంది. మూడో పేజీలో నీ కథలోని వదిన స్పృహతప్పి పడిపోతుంది. పదకొండు నెలలుగా మీ చిన్నమ్మను చూడ్డానికి జైలుకు, ములాఖత్‌కు పోతున్నావే, ఎన్నిసార్లు చూసినావు లాఠీ తిప్పే వార్డరమ్మను? అవన్నీ సినిమాల్లోవి. నేను లోపలికి పోయిన దినం నన్ను తీసుకున్న వార్డరమ్మ దగ్గర చిక్కుడుకాయల సంచి ఉంది. డ్యూటీకి వస్తూ దారిలో కొన్నట్టుంది. నా పేరు, తండ్రి పేరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసుకుంటూనే, పక్కనున్న ఆమెకు చిక్కుడుకాయ కిలో ఎంత పడిందో చెప్తా ఉంది. నా బతుకు తెల్లారిపోయిందని నేననుకుంటుంటే ఆమెకది మామూలు మంగళవారం. నన్ను కుంగదీసింది ఆ మామూలుతనమే. లాఠీ ఉండుంటే కనీసం కోపమొచ్చుండేది.

అవును, నేనూ పోయొచ్చినదాన్నే. మీ అమ్మ చెప్పే ఉంటుంది. మా తమ్ముని భార్య చనిపోయినప్పుడు ఇంటిల్లిపాది మీదా కేసు పెట్టినారు. ఆడబిడ్డనని నన్నూ రాసినారు. 53 దినాలు రిమాండ్‌లో ఉన్నాను. ఏండ్లు గడిచినాక కేసు కొట్టేసినారు. అది ఏ ఊరి జైలో రాయను. ముప్పై ఏండ్లుగా కథలు రాస్తున్నాను గానీ ఆ 53 దినాల గురించి ఒక్క పేజీ నిలబడలేదు. కూర్చున్నప్పుడల్లా నేనూ ఇనుప గేటుతోనే మొదలుపెట్టి చించేసేదాన్ని. అందుకే నీ మొదటి పేజీ చూడగానే కోపమొచ్చింది, నా చెత్తబుట్ట గుర్తొచ్చి.

నువ్వు చూస్తున్నది ములాఖత్ మాత్రమే. జాలీకి ఇవతల నువ్వు, అవతల చిన్నమ్మ, పక్కన ఇంకో పదిమంది గొంతులు. ఆమె నవ్వుతా వస్తుందనీ, "నాకేం, బాగున్నా" అంటుందనీ రాసినావు. ఆ నవ్వు వెనక ఎంత తయారీ ఉంటుందో నీకు తెలీదు. మా బ్యారక్‌లో ములాఖత్ దినం తెల్లారకముందే, మబ్బులోనే మొదలయ్యేది. రిమాండ్ వాళ్లకు సొంత బట్టలే కాబట్టి, ఉన్నవాటిలో మంచి చీర ఎవరిదైతే అది ఆ పొద్దు ములాఖత్ ఉన్నామెకు పోతుంది. ఒక చిలకాకుపచ్చ చీర మా కళ్లముందే నలుగురి ఒంటి మీద తిరిగింది. బయట వాళ్ల పిల్లలు, అమ్మకు కొత్త చీర ఇచ్చినారే అనుకొనుంటారు.

ఇంక బొట్టుబిళ్లలు. ఒక షీటు వస్తే నెలలు రావాలి. రాత్రి పడుకునేటప్పుడు నుదుటి మీది బిళ్ల తీసి తల దగ్గరి గోడకు అంటించేవాళ్లం. తెల్లారి ముఖం కడుక్కొని మళ్లీ పెట్టుకునేది. జిగురు పోయినా అన్నం మెతుకు రాసి అంటించేవాళ్లు కొందరు. నాకిచ్చిన చోట గోడ మీద, నాకంటే ముందు అక్కడ పడుకున్న ఎవరివో పాత బిళ్లలు ఏడు ఉండేవి. ఎర్రవి ఐదు, మెరూన్‌వి రెండు. ఒకటి మరీ చిన్నది, ఆవగింజంత. నిద్రపట్టని రాత్రులు వాటినే చూస్తా ఉండేదాన్ని. ఏడు బిళ్లలు వదిలేసి పోయిందంటే బెయిలొచ్చి గబగబా పోయిందా, వేరే జైలుకు మార్చినారా, ఇంకేమన్నా అయిందా? ఎవరినీ అడగలేదు.

నీ నోటుబుక్కులో రాత్రి లేదు, పాపా. అన్నీ పగటి ముచ్చట్లే. లోపల మనిషిని తినేది రాత్రి. పొద్దుండగానే లెక్క పెట్టి లోపలేసి తాళం వేస్తారు. మళ్లీ తెరిచేది తెల్లారినాకే. ఇంట్లో ఆ వేళకు పొయ్యి వెలిగిస్తాం, పిల్లల్ని కేకలేస్తాం. అక్కడ ఆ పొద్దు చేతులకు పని ఉండదు. రాత్రంతా లైటు ఆరదు. కళ్ల మీద కొంగు కప్పుకొని పడుకోవాలి. కొత్తగా వచ్చినామెకు పాయఖానా పక్కనే చోటు. ఎవరన్నా పోతే ఒక చాప ముందుకు జరుగుతాం. నాలుగు చాపలు జరిగినానని నేనొక రాత్రి సంతోషపడినాను. ఆ సంతోషం చూసుకొని తర్వాత భయమేసింది.

మొదటి వారం నేను తిండి సరిగా తినలేదు. నాటుసారా కేసులో వచ్చిన అవ్వ ఒకామె ఉండేది, రాయచోటి పక్కామె. ఆమెకు జైలు కొత్త కాదు. ఒకపొద్దు నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి చాటలో బియ్యం పోసి ముందు పెట్టింది. రాళ్లు ఏరమంది. "బెయిలు ఎప్పుడొస్తుందవ్వా?" అంటే, "రేప్పొద్దున గురించి అడగొద్దు. అన్నం గంట దాకా ఏం చేస్తావో అది చెప్పు" అంది. అంతే, ఇంకేం ఓదార్చలేదు. నేను రాళ్లు ఏరినాను. మూడు రాళ్లు దొరికినాయి. ఒకటి అచ్చం బియ్యపు గింజలాగే ఉంది, పంటికింద పడితే తప్ప తెలీదు. దాన్ని చీరచెంగుకు ముడేసుకొని రెండు దినాలు తిరిగినాను. ఎందుకని నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను. నీ కథలోని వదిన నాలుగు పేజీలు ఆలోచిస్తుంది కదా, ఆ నాలుగూ కొట్టేసి ఆమె చేతికొక చాట ఇవ్వు.

కొట్లాటలు రాయడానికి నువ్వు మొహమాటపడినావు. ఆడవాళ్లందరూ అక్కచెల్లెళ్లలా ఉన్నారని రాసినావు. బక్కెట్టు కోసం, కొళాయి దగ్గర వంతు కోసం, సబ్బు ముక్క కోసం మేం తిట్టుకున్న తిట్లు కాగితం మీద పెట్టలేను. తిట్టుకునేవాళ్ల గురించి మాకు దిగులుండేది కాదు. ఒకామె ఉన్నట్టుండి బక్కెట్టు ఎవరు తీసుకున్నా ఊరకుండింది. జుట్టు దువ్వుకోవడం మానేసింది. వరసగా రెండుసార్లు ములాఖత్ రాలేదామెకు. అవ్వే కనిపెట్టింది. వార్డరమ్మకు చెప్పి డాక్టరుకు చూపించమంది. ఆ వారమంతా మాలో ఇద్దరిద్దరం వంతులేసుకొని మేలుకున్నాం, ఆమెతో ఏదో ఒకటి మాట్లాడుతూ, మాట్లాడకపోతే పక్కన కూర్చొని. ఆమె బతికింది. ఒకరోజు నా సబ్బు తీసుకొని లేదని అబద్ధమాడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇట్లాంటిది రాసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో: చచ్చిపోవాలని చూసిన మనిషి మీద కేసు పెట్టడం పాతమాట. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, ఆ పని తీవ్రమైన ఒత్తిడిలో చేసిందనే అనుకోమంటుంది, శిక్ష వద్దంటుంది. నీ పద్నాలుగో పేజీలో సూపరింటెండెంటు "ఇంకో కేసు పెడతా" అని బెదిరిస్తుంది. బెదిరించొచ్చు, బెదిరింపులకేం. అది చెల్లదని మాత్రం కథలో ఎవరికో ఒకరికి తెలిసుండాలి.

చట్టం ముచ్చట వచ్చింది కాబట్టి మిగతా తప్పులూ చెప్తా. నీ బ్యారక్‌లో తల్లితో పాటు ఎనిమిదేండ్ల పిల్లోడు ఉన్నాడు. ఉండడు. ఆరేండ్లు నిండేదాకే. అది 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్ర మీద నడిచిన కేసులోనే. ఖైదీకి బిడ్డ పుడితే పుట్టినచోటు జైలని సర్టిఫికెట్‌లో రాయకూడదన్నదీ ఆ తీర్పే. అందుకని ఆ పిల్లోణ్ణి ఐదేండ్ల పదినెలల వాణ్ణి చెయ్యి. ఆ రెండు నెలలూ తల్లి ఎట్లా గడుపుతుందో రాస్తే నీకు వేరే కథ అక్కర్లేదు.

లాయరుకు డబ్బుల్లేక వదిన మగ్గిపోయిందన్నావు. ఆడమనిషికి, కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి చట్టముంది. లాయరు దొరుకుతాడు. వాయిదా నాడు తప్ప కనపడడు, ఆయన పేరు కూడా మాలో సగంమందికి తెలిసేది కాదు. అంతకంటే పెద్ద ముడి జామీను దగ్గర పడుతుంది. బెయిలు ఆర్డరు వచ్చినా జామీనుకు ఆస్తి కాగితాలున్న మనుషులు కావాలి. అన్నదమ్ములు పరువుపోతుందని రారు. డబ్బు పంపే చెల్లెలు కువైట్‌లో ఉంటుంది, ఆమె వచ్చి సంతకం పెట్టలేదు. బెయిలొచ్చీ లోపలే ఉన్న మనిషి ఉంటుందే, ఆమెను చూడాలి నువ్వు. బెయిలు రానామెకైనా ఒక దారి కనపడుతుంది, ఈమెకు ఎవరి మీద కోప్పడాలో తెలీదు.

కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత అని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిందే, దాని 479 సెక్షన్ పట్టుకొని వదినను విడిపించినావు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు రిమాండ్‌లోనే గడిపేస్తే వదలాలన్నది నిజమే. కానీ వదిన మీద పెట్టింది వరకట్న మరణం కేసు. దానికి యావజ్జీవం దాకా పడొచ్చు. యావజ్జీవం ఉన్న కేసులకు ఈ సెక్షన్ వర్తించదు. ఈ తప్పును మాత్రం కొట్టేయకు, వాడుకో. లోపల ప్రతి బ్యారక్‌లో ఒక లాయరమ్మ ఉంటుంది, తనూ ఖైదీయే. సెక్షన్లన్నీ ఆమె నోటికి వచ్చు. ఆమె వదినకు ఈ మాట చెప్తుంది. వదిన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటుంది. వాయిదా నాడు లాయరు ఒక్క మాటలో కాదంటాడు. ఆ రాత్రి రాయి.

పాయఖానా ఎవరు కడుగుతారో కూడా నీ కథలో లేదు. నా దినాల్లో కులం అడిగి పని చెప్పేవాళ్లు, అడగకపోయినా తెలుసుకొని చెప్పేవాళ్లు. కులాన్ని బట్టి జైలు పనులు పంచడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో కొట్టేసింది. కొట్టేసినంత మాత్రాన చీపురు చేతులు మారిందా లేదా, మీ చిన్నమ్మకు తెలుస్తుంది. జాలీ దగ్గర మాత్రం అడగొద్దు.

ఇంకో సంగతి. ఆడవాళ్లకని విడిగా జైలున్నది మన రాష్ట్రంలో రాజమండ్రిలో, మన కడపలో. దేశంలో నూరుమంది ఖైదీలుంటే ఆడవాళ్లు నలుగురే, మిగతా ఊళ్లలో మగజైల్లో ఒక మూల గోడకట్టి సర్దుతారు. ఆదోని నుంచో మడకశిర నుంచో ఒకామె ఇక్కడికొస్తే, ముసలి తల్లి ములాఖత్‌కు రావడానికి ఒక దినం కూలి, రానూపోనూ బస్సు ఛార్జీ, తోడుకొకరు. మూడు నెలలు రాగలుగుతుంది, నాలుగో నెల రాలేదు. బిడ్డ మీద ప్రేమ తగ్గి కాదు. జాలీకి అవతలున్నామెకు మాత్రం అట్లే అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు భయం. నీ కథలో వరకట్న కేసు, ఎర్రచందనం కేసు, మొగుణ్ణి చంపిన కేసు, మూడూ ఉన్నాయి. మూడో ఆమె ఊరు, ఆ ఊరి గుడి, హత్య జరిగిన పండగతో సహా రాసినావు. బస్టాండులో టీ తాగేవాడు కూడా గుర్తుపడతాడు. ఆమె మీ చిన్నమ్మకు చెప్పుకుంది, నీకు కాదు. లోపల ఎవరూ ఎవర్నీ "ఏం చేసినావు" అని అడగరు. "ఎన్ని దినాలయింది" అంటారు. నువ్వూ అంతవరకే అడుగు. మీ చిన్నమ్మది కూడా ఆమె బయటికొచ్చి సరేననేదాకా అచ్చుకు పంపొద్దు. జాబు రాసి అడుగుతానంటావేమో, జైలుకు పోయే జాబు, వచ్చే జాబు అన్నీ విప్పి చదువుతారు. ఆమె ఆ కాగితం మీద సరేనన్నా అది సరేనని కాదు.

ములాఖత్ అయి ఇంటికొచ్చిన రాత్రులు నీకు నిద్ర పట్టడం లేదనీ, గుండె దడదడమంటుందనీ చివరి పేజీలో రాసి కొట్టేసినావు. కొట్టివేత కింద చదివినాను. దాన్ని రచయిత బాధ అనుకొని పెంచుకోవద్దు. నాలుగు దినాలు నోటుబుక్కు తెరవకు. 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సిన పనేం కాదు. నా కాలంలో ఉండుంటే నేను చేసుండేదాన్ని, ఇంటికొచ్చినాక ఏడాదిపాటు రాత్రి లైటు ఆర్పనివ్వలేదు నేను. మా ఆయన పాపం ఆ వెలుతుర్లోనే పడుకున్నాడు.

నోటుబుక్కు మా మనవడి చేతికిచ్చి పంపిస్తున్నా. చెనిక్కాయ ఉంటలు కూడా కట్టినాను, అవి నీకే. ములాఖత్‌కు తీసుకుపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. బొట్టుబిళ్లల షీటు లోపలికి పంపనిస్తారేమో ముందు అడుగు. పంపనిస్తే రెండు తీసుకుపో. చిన్నవి, ఆవగింజంతవి.

పెద్దమ్మ