ఇంగ్లీషులో ‘పుట్ ఆఫ్’ అన్నా ‘కాల్ ఆఫ్’ అన్నా ఒకటేనా?

కాదు. ఆ తేడా తెలియక ఒక బేరం పోగొట్టినవాడిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2014 అక్టోబరులో విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో గుమాస్తాగా ఉండేవాడిని. విదేశీ కొనుగోలుదారు ఒకాయన సోమవారం మా దగ్గరికి రావాలి. హుద్‌హుద్ తుపాను మా మీదికే వస్తోందని శనివారానికే తెలిసిపోయింది. ‘వచ్చే వారానికి మార్చామని ఆయనకు మెయిల్ పెట్టు’ అన్నారు మా యజమాని. సమావేశం ‘కాల్డ్ ఆఫ్’ అని ఒక్క ముక్క రాసేసి, బియ్యం, కొవ్వొత్తులు కొనుక్కుని ఇంటికి చేరాను. 12న, ఆదివారం, తుపాను తీరం దాటింది. ఊళ్లో చెట్లన్నీ నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. కొన్నాళ్లకు సిగ్నల్ వచ్చాక ఫోను చేస్తే, ‘మీరే వద్దన్నారు కదా, సరుకు మరొకరి దగ్గర మాట్లాడుకున్నాను’ అన్నారాయన.

ఆయన తప్పేమీ లేదు. కాల్ ఆఫ్ అంటే రద్దు, పుట్ ఆఫ్ అంటే వాయిదా. ఆ 14నే మధురవాడ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే జరగాలి. అది నిజంగానే కాల్ ఆఫ్ అయింది, మరో రోజుకు మార్చలేదు. మా సమావేశానికి ఆ గతి పట్టించింది మాత్రం తుపాను కాదు, నేను.

పుట్ ఆఫ్‌కు ఇంకా అర్థాలున్నాయి. మనిషిని పుట్ ఆఫ్ చేయడమంటే ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపడం. వెనకటికి తలుపుల మీద ‘రేపు రా’ అని రాసేవారు చూడండి, దయ్యాన్ని పుట్ ఆఫ్ చేయడమన్నమాట! వెగటు పుట్టించడం ఇంకొకటి. ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల వాసనకు కొత్తవాళ్లకు అన్నం సయించదు, వాళ్లను ఆ వాసన పుట్ ఆఫ్ చేసిందంటాం. (నాకైతే ఆ వాసన వస్తేనే ఆకలి.) పరీక్ష రాస్తుంటే పక్కవాడు కాలు ఊపుతూ మన ధ్యాస చెడగొట్టినా ఇదే మాట.

వాడేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ‘దాన్ని’ అనే అర్థంలో ‘ఇట్’ వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. అలాగే, అనుకున్న తేదీకంటే ముందే పెట్టుకుంటే మనం ‘ప్రీపోన్’ అంటాం. అది ప్రధానంగా మన దేశపు ఇంగ్లీషులోని మాట. విదేశాలకు రాసేటప్పుడు ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని రాయండి.