కంట్రోలు బియ్యం తప్పా?

సందేహం: మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాయనమ్మ రేషన్ షాపును ‘కంట్రోలు’ అంటుంది. ‘కంట్రోల్లో చక్కెర ఇస్తన్నారంట, పోయి తెచ్చుకోరా’ అంటుంది. కంట్రోలంటే అదుపు కదా, అంగడి ఎట్లా అవుతుంది? చౌకధరల దుకాణం అనడమే సరైందా?

సమాధానం: మీ నాయనమ్మగారి మాటలో తప్పేమీ లేదు. ఇది ఒక్క నెల్లూరు, ఒంగోలు సీమల మాటే కాదు, తెలంగాణలోనూ వినపడుతుంది. పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. కథ మాత్రం బర్మాలో మొదలైంది.

1852లో ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాను కలిపేసుకున్నారు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకుంది, ఆవిరి ఓడలు పెరిగాయి. ఐరావతి డెల్టా ఎగుమతి కోసమే వరి పండించే నేల అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఆ బియ్యానికి అలవాటుపడ్డారు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది, ఓడలు ఆగాయి. మరుసటి ఏడే బెంగాల్ కరువు. ధాన్యాన్ని ఏ ధరకు అమ్మాలో, ఎక్కడికి తోలాలో సర్కారే చెప్పడం మొదలైంది. 1943లో గుడ్డలకూ, నూలుకూ కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. మొలగొలుకుల వరి పండే నెల్లూరికీ ఈ కట్టడి తప్పలేదు.

మాట నడక చూడండి. ఉత్తర్వులోని మాట ముందు ధరకు అంటుకుంది, తర్వాత ఆ ధరకిచ్చే సరుక్కి: కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ. చివరికి సరుకిచ్చే అంగడే కంట్రోలైంది. 1952లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తేసినా మాట పోలేదు. అప్పటికే అది తెలుగు వ్యాకరణంలోకి దిగిపోయింది. ‘నెల్లూరులో’ వాడుకలో ‘నెల్లూర్లో’ అయినట్టే ‘కంట్రోలులో’ కాస్తా ‘కంట్రోల్లో’ అయింది. ఇంతకంటే పౌరసత్వం ఏం కావాలి? బియ్యం ముందు చేరితే మాత్రం కాస్త చిన్నచూపు ధ్వనిస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర ‘కంట్రోలు బియ్యమా?’ అని అడక్కండి.

రేషనేమో సిపాయిల మాట, రోజూ కొలిచిచ్చే బత్తెం. కంట్రోలుకు తోడబుట్టిన ‘బ్లాకు’, అంటే దొంగబజారు, సినిమాహాళ్ల దగ్గర స్థిరపడింది.

‘చౌకధరల దుకాణం’ బోర్డు మీది పేరు. అర్జీలో అదే రాయండి. వార్తకు, వ్యాసానికి రేషన్ షాపు చాలు. కథలో పాత్ర మీ నాయనమ్మలా మాట్లాడేదైతే ‘కంట్రోలు’నే ఉంచండి, కొటేషన్ గుర్తులు కూడా అక్కర్లేదు.