పెళ్లి ఫొటోల ఎడిటింగ్‌కి డెస్క్‌టాప్, మానిటర్ ఎలాంటివి తీసుకోవాలి? బెంగళూరులో ఎక్కడ కొనాలి?

ముందు మానిటర్‌కి డబ్బులు పక్కన పెట్టుకోండి అండీ, స్క్రీన్ రంగు తప్పు చూపిస్తే ఎంత పెద్ద ప్రాసెసర్ ఉన్నా ఆల్బమ్ ప్రింట్‌లో పట్టుచీర ఎరుపు వేరేలా వచ్చేస్తుంది. 27 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం స్క్రీన్), 2560 బై 1440 రిజల్యూషన్, ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిని దాదాపు 100 శాతం కవర్ చేసేది చాలు, గేమింగ్ మానిటర్ల హెర్ట్జ్ నంబర్లు (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పేవి) ఈ పనికి అక్కర్లేదు. కొత్త మానిటర్ బ్రైట్‌నెస్ చాలా ఎక్కువ పెట్టి వస్తుంది, అలాగే ఎడిట్ చేస్తే ప్రింట్లు డల్‌గా వస్తాయి, కాబట్టి 100-120 నిట్స్‌కి (నిట్ అంటే స్క్రీన్ వెలుగు కొలత) దించి, కాలిబ్రేటర్ అనే రంగులు సరిచేసే చిన్న పరికరంతో సెట్ చేసుకోండి, ఇది మాత్రం వదలొద్దు.

సిస్టమ్‌కి 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్) తీసుకోండి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ డీనాయిస్ (ఫొటోలో గింజల్లాంటి మచ్చలు తీసేసే ఫీచర్) బాగా వాడేట్టయితేనే 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, లేదంటే తర్వాత వేయించుకోవచ్చు. కొనడానికి బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో రెండుమూడు షాపుల్లో కొటేషన్ అడగండి, డెడ్ పిక్సెల్స్ (స్క్రీన్‌లో వెలగని చుక్కలు) అక్కడే చెక్ చేసి జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీకి కావాలి.